హైడ్రోజన్: ముందు గిరాకీ లెక్క తేలాలి

సంపాదకులకు నమస్కారం.

హైడ్రోజన్ కేంద్రాల గురించి ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఎంత ఉత్పత్తి చేస్తారన్న అంకె ఒక్కటే పెద్దక్షరాల్లో కనిపిస్తోంది. ఎవరు కొంటారు, ఎక్కడ నిల్వ చేస్తారు అన్నవాటికి జవాబు దొరకదు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది.

టన్ను అమ్మోనియా తయారీకి దాదాపు 180 కిలోల హైడ్రోజన్ కావాలి. బొగ్గు బదులు హైడ్రోజన్‌తో టన్ను ఉక్కు చేయాలన్నా 50 కిలోలకు పైనే. ఈ కర్మాగారాలు రాత్రీపగలూ ఆగకుండా నడవాల్సినవి. ఈ కేంద్రాల్లో నీటి నుంచి హైడ్రోజన్ తీసేది ఎండ, గాలి నుంచి వచ్చే కరెంటుతో; ఎండ, గాలి అలా నిలకడగా ఉండవు. ఆ తేడాను పూడ్చేది నిల్వే. ఉక్కు ట్యాంకుల్లో కొన్ని గంటలకు సరిపడా దాచుకోవచ్చు. వారాల తరబడి కావాలంటే భూగర్భంలోని ఉప్పు గుహలే చౌక. బ్రిటన్‌లోని టీసైడ్‌లో 1970ల నుంచీ అవి వాడుకలో ఉన్నాయి. అయితే ఉప్పు పొరలు అన్నిచోట్లా ఉండవు, ఉన్నచోట పరిశ్రమ ఉండకపోవచ్చు. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి. ఆ వాయువులోని శక్తిలో దాదాపు మూడో వంతుకు సమానమైన కరెంటు దానికే ఖర్చవుతుంది.

అందుకే ఎరువులు, ఉక్కు, రిఫైనరీ యాజమాన్యాలను ఒకచోట కూర్చోబెట్టి, ఏ గంటకు ఎంత కావాలో రాతపూర్వకంగా తీసుకోవాలి. పైపులైను దారి, గుహల సర్వే ఆ తర్వాతే. కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 లీటర్ల నీరు కావాలి; శుద్ధికీ చల్లబరచడానికీ పోయేది అదనం. ఆ నీరు ఎక్కడిదో కూడా ప్రణాళికలోనే చెప్పాలి. ఈ లెక్కలన్నీ ప్రజల ముందు పెట్టాకే సబ్సిడీ విడుదల చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు