ఇంటి రికార్డింగ్‌కి తక్కువ బడ్జెట్ మైకులు: ఈ నెల నుంచి మా దగ్గర మారుతున్నవి

మా దగ్గర మైకులు కొన్నవాళ్లకీ, కొనాలని చూస్తున్నవాళ్లకీ నమస్కారం.

మాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న: "ఇంట్లోనే రికార్డు చేసుకోవాలి, బడ్జెట్ తక్కువ, మంచి మైకు ఒకటి చెప్పండి." ఈ నెల నుంచి ఆ ప్రశ్నకి వెంటనే మోడల్ పేరు చెప్పం. ముందు మీ గదిని వినిపించమంటాం. దాంతో పాటు ఒక రకం కిట్లు అమ్మడం ఆపేస్తున్నాం, మైకుల పేజీల్లో రాసే మాటలు మారుస్తున్నాం, వెనక్కి తీసుకునే పద్ధతి కూడా మారుతోంది. వీటిలో కొన్నింటివల్ల మా అమ్మకాలు తగ్గుతాయి. అందుకే కారణాలు కూడా మీ ముందు పెడుతున్నాను.

ముందు గది సంగతి. మీరు ఎక్కడ కూర్చుని రికార్డు చేద్దామనుకుంటున్నారో అక్కడే ఫోన్ పెట్టండి. రికార్డింగ్ యాప్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఊరుకోండి. తర్వాత గట్టిగా రెండు చప్పట్లు కొట్టండి. ఆ తర్వాత ఫోన్‌కి మూరెడు దూరంలో ఉండి, మామూలు గొంతుతో నాలుగు మాటలు చెప్పండి. పాప, బాబు, భాష, ఫలం, సరసం, శేషం లాంటి పదాలు అందులో కలిసేలా చూసుకోండి. అంతే, ఆ ఫైల్ మాకు పంపండి.

మాటలు లేని ఆ పది సెకన్లలో ఫ్యాను, ఫ్రిజ్, వీధి, కంప్యూటర్ రొద ఎంతుందో తెలిసిపోతుంది. చప్పట్ల వెనకాల సన్నగా "ట్రింగ్" మని తోక వినిపిస్తే, ఎదురెదురుగా ఉన్న ఖాళీ గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటోందన్నమాట. ప, బ, భ, ఫ దగ్గర నోట్లోంచి గాలి ఎంత జోరుగా వస్తుందో, స, శ, ష దగ్గర గొంతు ఎంత పదునెక్కుతుందో కూడా అందులోనే తెలుస్తుంది. మీ గొంతుకి పదును సహజంగానే ఎక్కువైతే, పై స్థాయిని, అంటే సన్నగా కీచుమనే శబ్దాలని, ఇంకా ఎత్తి చూపించే కండెన్సర్ మైకు (బయటి నుంచి కరెంటు అందితేనే పనిచేసే రకం) మీకు చెప్పం, అది ఎంత పేరున్నదైనా సరే.

గదికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, తక్కువ బడ్జెట్‌లో దొరికే మంచి మైకుల మధ్య తేడా కంటే ఒకే మైకుని 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టడానికీ 15 సెంటీమీటర్లకి తేవడానికీ మధ్య తేడా చాలాసార్లు పెద్దది. దూరం సగమైతే నేరుగా వచ్చే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో తిరిగే ప్రతిధ్వని, ఫ్యాను రొద మాత్రం ఉన్నంతే ఉంటాయి. ఇంకా సగానికి, ఏడెనిమిది సెంటీమీటర్లకి వస్తే మరో 6. పైసా ఖర్చు లేకుండా 12 డెసిబెల్స్ లాభం. ఇంతలా శుభ్రం చేసే మైకు ఏదీ నా దగ్గర లేదు.

ఇక్కడే మా పేజీల్లో మార్చిన ఒక మాట గురించి చెప్పాలి. డైనమిక్ మైకుల (బయటి నుంచి కరెంటు అక్కర్లేని రకం) దగ్గర "బయటి శబ్దాలను అడ్డుకుంటుంది" అన్న వాక్యం సరఫరాదారులు పంపే వివరాల్లో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని మా పేజీలన్నిటిలోంచి తీసేశాం. గొంతు ఏదో, ఫ్యాను ఏదో డైనమిక్ మైకుకి తెలియదు. డైనమిక్ అయిన షూర్ ఎస్‌ఎం58, కండెన్సర్ అయిన ఆడియో-టెక్నికా ఏటీ2020 రెండూ కార్డియాయిడ్ మైకులే, అంటే ముందు నుంచి వచ్చేది బాగా తీసుకుని వెనక నుంచి వచ్చేది తగ్గించేవి. ఈ రెండిటినీ నోటికి జానెడు దూరంలో పక్కపక్కన పెట్టి, గొంతు స్థాయి సమానం చేసి వినండి. వెనకాల ఫ్యాను రెండిటిలోనూ దాదాపు ఒకేలా వినిపిస్తుంది. ఎస్‌ఎం58 పరిధి 15,000 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, ఏటీ2020 20,000 దాకా వెళ్తుంది. కాబట్టి పై స్థాయిలో తేడా ఉంటుంది, కానీ జనం ఊహించుకున్నంత వింత ఏమీ జరగదు.

మరి డైనమిక్ మైకుతో రికార్డింగ్ శుభ్రంగా వస్తుందని అందరూ ఎందుకంటారు? దాన్ని నోటికి ఆనించినంత దగ్గరగా పెట్టి వాడతారు కాబట్టి. ఎస్‌ఎం58 లాంటిది వేదిక మీద చేతిలో పట్టుకుని పాడటానికే తయారైన మైకు. జాలీ లోపల ఫోమ్ ఉంటుంది, దగ్గరి గాలిని కొంత తట్టుకుంటుంది. కండెన్సర్‌ని అంత దగ్గర పెడితే ప, బ అన్నప్పుడల్లా "బుఫ్" మంటుంది, అందుకని మనం దూరం జరుగుతాం. దూరం జరిగేసరికి గది లోపలికి వచ్చేస్తుంది. పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే తెర) పెట్టి, మైకుని పెదవులకి సూటిగా కాకుండా కాస్త పక్కకి తిప్పి వాడగలిగితే కండెన్సర్‌తో కూడా దగ్గరగా పని జరుగుతుంది. దగ్గరగా ఉన్నకొద్దీ కింది స్థాయి (బేస్) బరువెక్కుతుందని మాత్రం గుర్తుంచుకోండి. కార్డియాయిడ్ మైకుల్లో దాదాపు అన్నిటికీ ఉన్న గుణమే అది. కొందరి గొంతుకి నిండుదనం ఇస్తుంది, కొందరిది మట్టి కుండలో మాట్లాడినట్టు చేస్తుంది.

డైనమిక్‌కి ఉన్న అసలు ఖర్చు వేరే చోట ఉంది. అది ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది. ఒక పాస్కల్ (శబ్దం ఒత్తిడికి కొలత) శబ్దానికి ఎస్‌ఎం58 ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు, ఏటీ2020 ఇచ్చేది 14.1, ఏడు రెట్లకు పైనే. పాడ్‌కాస్ట్ వీడియోల్లో చూసి చాలామంది ఇష్టపడే షూర్ ఎస్‌ఎం7బి అయితే ఎస్‌ఎం58 కంటే కూడా తక్కువ ఇస్తుంది, దానికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచడం) కావాలని కంపెనీయే చెప్తుంది. అంత గెయిన్ రొద లేకుండా ఇవ్వడం చవక ఇంటర్‌ఫేస్‌లలో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టెలలో) చాలావాటి వల్ల కాదు. మెల్లగా మాట్లాడేవాళ్లు బడ్జెట్ అంతా మైకు మీదే పెట్టేసి, మిగిలినదాంతో ఇంటర్‌ఫేస్ కొంటే చేతికి వచ్చేది "స్‌స్" మనే రొదే. అలాంటి ఆర్డర్ వస్తే ప్యాక్ చేసే ముందు మీతో ఒకసారి మాట్లాడతాం, ఏమీ అనుకోకండి.

ఇక ఆపేస్తున్న కిట్ల గురించి. కంపెనీ పేరు ఏదీ లేకుండా, మైకు, స్టాండు, పాప్ ఫిల్టర్, ఫోమ్ తొడుగు, కేబుల్ అన్నీ ఒకే పెట్టెలో వచ్చే "స్టూడియో కండెన్సర్ కిట్" ఇది. చూడటానికి నిండుగా ఉంటుంది, బహుమతిగా ఇవ్వడానికి కూడా చాలామంది ఇదే అడుగుతారు. మా దగ్గరున్న ఒకదాని జాలీ విప్పి చూశాం. అరచెయ్యంత జాలీ లోపల మధ్యలో ప్లాస్టిక్ దిమ్మ, దాని మీద వేలిగోరంత క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే భాగం). బయటి ఆకారం చూసి పెద్ద డయాఫ్రమ్ (శబ్దానికి కదిలే పల్చటి పొర) అనుకుంటాం, లోపల ఉన్నది అది కాదు. ఇంకో సంగతి, దాంతో వచ్చే కేబుల్ ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకులకి వాడే మూడు పిన్నుల కనెక్టర్), ఇంకో చివర 3.5 మిల్లీమీటర్ల జాక్. కండెన్సర్ మైకుకి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్‌లోంచే వచ్చే కరెంటు) అందాలి. లాప్‌టాప్ మైకు జాక్‌లోంచి వచ్చేది కొద్ది వోల్టులు మాత్రమే. ఆ కాస్తతో మైకు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, గొంతు సన్నగా వస్తుంది, గెయిన్ పెంచితే వెనకాల ఎడతెగని హోరు. ఫోన్‌కి పెట్టేవాళ్లకి ఇంకో చిక్కు: జాక్‌లో మూడు భాగాలుంటే ఒకలా, నాలుగు భాగాలుంటే ఒకలా కలుపుతారు, తప్పు రకమైతే ఫోన్ మైకుని గుర్తించదు.

ఇలాంటి చిన్న క్యాప్సూల్‌లని ఎలెక్ట్రెట్ అంటారు, అంటే తయారీలోనే ఛార్జ్ నింపి పెట్టినవి. దీన్ని బట్టి ఎలెక్ట్రెట్ క్యాప్సూల్ అంటేనే నాసిరకం అనుకోకండి. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ కనిపెట్టిన ఈ పద్ధతి వల్లే మైకు అనేది ఇంత చవగ్గా, ఇంతమంది చేతికి వచ్చింది. ఏటీ2020 కూడా ముందే ఛార్జ్ నింపిన క్యాప్సూల్‌తో పనిచేసేదే. తేడా అంతా లోపలి సర్క్యూట్ ఎంత నిశ్శబ్దంగా ఉంది, చెప్పిన లెక్కలు నిజంగా కొలిచినవేనా అన్నదాంట్లో ఉంది. నేను ఆపిన కిట్ల మీద ఏ లెక్కా నమ్మకంగా ఉండేది కాదు.

అందుకే ఇకనుంచి మా పేజీల్లో ప్రతి మైకు పేరు కింద మూడే వివరాలు ముందుగా కనిపిస్తాయి: ఏ దిక్కు నుంచి వింటుంది, సెన్సిటివిటీ (శబ్దానికి ఇచ్చే సిగ్నల్) ఎంత, కండెన్సర్ అయితే సెల్ఫ్ నాయిస్ ఎంత. కంపెనీ చెప్పకపోతే "చెప్పలేదు" అనే రాస్తాం. సెల్ఫ్ నాయిస్ అంటే పూర్తి నిశ్శబ్దంలో కూడా మైకు తనంతట తాను చేసే రొద. ఏటీ2020కి అది 20 డెసిబెల్స్, రోడ్ కంపెనీ ఎన్‌టీ1కి 4. తేడా చూసి కంగారు పడనక్కర్లేదు. రాత్రి పూట ప్రశాంతంగా ఉన్న మామూలు గదిలో కూడా రొద 30 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది, నోటికి దగ్గరగా పెట్టి మాట్లాడితే ఆ 20 అందులో కలిసిపోతుంది. మెల్లగా వాయించే గిటారునో, వేణువునో కాస్త దూరం నుంచి తీసుకోవాలంటే మాత్రం ఆ తేడాకి డబ్బు పెట్టడం న్యాయం.

అయినా పేర్లు చెప్పమంటారని తెలుసు. ఒక్కరే కూర్చుని మాట్లాడేవాళ్లకి, గది గురించి పెద్దగా ఏమీ చేయలేనివాళ్లకి శాంసన్ క్యూ2యు లేదా ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్. రెండూ డైనమిక్, రెండిటికీ యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉన్నాయి. ఈరోజు నేరుగా కంప్యూటర్‌కి పెట్టుకోవచ్చు, రేపు ఇంటర్‌ఫేస్ కొన్నా మైకు మార్చక్కర్లేదు. హెడ్‌ఫోన్ జాక్ మైకులోనే ఉంది కాబట్టి మీ గొంతు మీకు ఆలస్యం లేకుండా వినిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ ఉండి బాగా తక్కువలో కావాలంటే బెహ్రింగర్ ఎక్స్‌ఎం8500 పనికొస్తుంది. పాటకి, గదిలో పరుపులు, పుస్తకాలు, బట్టలు బాగా ఉన్నవాళ్లకి ఏటీ2020. ఇద్దరు కలిసి రికార్డు చేసేటట్టయితే రెండు యూఎస్‌బీ మైకులు కొనకండి. ఒకే కంప్యూటర్‌లో రెండిటినీ ఒకేసారి తీసుకోవడం చాలా సాఫ్ట్‌వేర్‌లలో తలనొప్పి. రెండు మామూలు డైనమిక్ మైకులు, రెండు ఇన్‌పుట్‌లున్న ఇంటర్‌ఫేస్ ఒకటి తీసుకోండి.

ఏటీ2020, ఎన్‌టీ1 లాంటి వాటికి పక్క నుంచి, కంపెనీ ముందు వైపని చెప్పిన వైపు మాట్లాడాలి. పైకొన మీద మాట్లాడి "గొంతు దూరంగా వస్తోంది" అని వెనక్కి పంపినవి మా దగ్గరికి చాలానే వస్తాయి, అందుకని పెట్టె మీద ఇకనుంచి బాణం గుర్తు అతికిస్తున్నాం. ఫ్యాను ఆపడం కుదరకపోతే కార్డియాయిడ్ మైకు వీపు ఫ్యాను వైపు ఉండేలా తిప్పండి. సూపర్ కార్డియాయిడ్ అయితే సరిగ్గా వెనక నుంచి కొంత వింటుంది, బాగా తగ్గించేది వెనక మూలల నుంచి వచ్చేదాన్ని, కాబట్టి ఫ్యాను ఆ మూలకి రావాలి.

పల్చటి ఫోమ్ పలకలు కూడా సిఫారసు చేయడం మానేశాం. అవి బయటి శబ్దాన్ని ఆపవు, గదిలో పై స్థాయిని మాత్రం కాస్త పీల్చి గొంతుని మందంగా చేస్తాయి. ఇంట్లో ఉన్న దళసరి బొంతనో, రజాయినో మీ వీపు వెనక వేలాడదీయండి. మైకు వెనక కాదు, మీ వెనక. మైకు చూస్తున్నది మిమ్మల్ని, మీ వెనకున్న గోడని. ఆ గోడ నుంచి తిరిగొచ్చేదే నేరుగా దాని ముఖంలోకి వెళ్తుంది.

ఎస్‌ఎం58 పేరుతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. అసలుదాని బరువు 298 గ్రాములు. ఎక్కడ కొన్నా తూకం వేసి చూడండి. బరువులో బాగా తేడా ఉంటే అనుమానించాల్సిందే, సరిపోయినంత మాత్రాన అసలుదని తేల్చేయకండి. మా దగ్గర కొన్నది కాకపోయినా సరే, అనుమానముంటే జాలీ విప్పి లోపలి ఫోటో పంపండి, చూసి చెప్తాం.

వెనక్కి తీసుకునే పద్ధతి ఇది. డైనమిక్ మైకుని మీ గదిలో వాడి చూశాక నచ్చకపోయినా పదిహేను రోజుల్లోపు తీసుకుంటాం. జాలీ విప్పి కడిగి, ఫోమ్ మార్చి, వాడినదని చెప్పే మళ్లీ అమ్ముతాం. కండెన్సర్‌కి ఆ సౌకర్యం ఇవ్వలేను. నోటి తేమ, గది తేమ లోపలికి చేరితే చిటపట శబ్దం మొదలవుతుంది, అది వారాల తర్వాత కూడా బయటపడొచ్చు. తర్వాత కొనేవాళ్లకి అది అంటగట్టడం నాకిష్టం లేదు. అందుకే కండెన్సర్‌కి మాత్రం, మీరు గది రికార్డింగ్ పంపి మేం సరేనన్నాకే ఆర్డర్ తీసుకుంటాం. తేమ ఎక్కువున్న చోట ఉండేవాళ్లు పని అవగానే మైకుని సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో పెట్టుకోండి.

పాత కిట్లకి ఆర్డర్ పెట్టి ఇంకా అందనివాళ్లు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా అదే మొత్తం వేరే మైకుకి సర్దుకోవచ్చు. ఇప్పటికే కిట్ ఉన్నవాళ్లు దాని స్టాండు పారేయకండి, బాగానే పనికొస్తుంది. మైకు స్టాండు మరల్లో 3/8 అంగుళం, 5/8 అంగుళం అని రెండు కొలతలున్నాయి, కొత్త మైకు హోల్డర్ దానికి బిగియకపోతే మధ్యలో చిన్న ఇత్తడి అడాప్టర్ పడితే చాలు. ఆర్డర్‌లో ఒక మాట రాయండి, డబ్బు తీసుకోకుండా పెట్టెలో వేస్తాం.