మంచితనంతో పాటు ఒక నోట్‌బుక్ కూడా కావాలి

సంపాదకులకు,

పర్యావరణం మాట వస్తే చాలు, ‘వస్తువులు పంచుకోండి, ఇరుగుపొరుగుతో కలిసి బతకండి’ అని అందరూ రాస్తున్నారు. నిజమే, నేనూ కాదనను. కాకపోతే మా బిల్డింగ్‌లో ఆ పని చేసి చేతులు కాల్చుకున్నాం. నాలుగేళ్ల కిందట తలా కొంత వేసుకుని ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక నిచ్చెన కొన్నాం. ఆర్నెల్లు తిరక్కుండానే మిషన్ కాలిపోయింది. ఎవరి చేతిలో కాలిందో ఎవరూ చెప్పరు, అడిగితే కోపాలు, మెట్ల మీద ఎదురైతే పలకరింపులు కూడా బంద్. చివరికి ఎవరి మిషన్ వాళ్లు కొనుక్కున్నారు, ఏడాదికి గోడకి రెండు చిల్లులు వేయడానికి!

మనుషులకి పంచుకోవడం చేతకాదని అప్పుడు నేనూ అనేశాను. 1968లో గారెట్ హార్డిన్ అనే శాస్త్రవేత్త వాదించిందీ దాదాపు ఇదే: పచ్చిక బీడు అందరిదీ అయితే ప్రతివాడూ ఇంకో పశువుని తోలతాడు, ఆఖరికి గడ్డే మిగలదు అని. ఎలినార్ ఆస్ట్రమ్ అనే పరిశోధకురాలు మాత్రం అక్కడితో ఆగలేదు. అడవులు, చేపలు, సాగునీటి కాలువలు వాడుకునేవాళ్లే తరాల తరబడి వాటిని ఎలా కాపాడుకున్నారో ఎక్కడెక్కడివో వెతికి చూసింది. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆవిడే. ఆవిడ రాసిన వాటిలో స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే కొండ ఊరి సంగతి నాకు భలే నచ్చింది. అక్కడ 1517 నాటి కట్టుబాటు ప్రకారం, చలికాలంలో ఎన్ని ఆవులకి మేత పెట్టగలవో వేసవిలో ఉమ్మడి బీడుకి అన్నే తోలాలి, అంతకు మించితే జరిమానా, ఆ జరిమానాలో సగం వేసిన అధికారికే! ఇక చూసీ చూడనట్టు ఎవరు వదిలేస్తారు?

మేం మిషన్ కొన్నాం గానీ ఇలాంటిదేమీ అనుకోలేదు. పాడైతే బాగుచేయించేది ఎవరు, ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు, తగువొస్తే తేల్చేది ఎవరు, ఏదీ లేదు. మొహమాటం కొద్దీ అడగలేదు, ఆ మొహమాటమే కొంప ముంచింది.

ఈ ఏడాది మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి ఒక నోట్‌బుక్‌తో. తీసుకున్నవాళ్లు పేరు, తేదీ రాయాలి, విరగ్గొడితే తెచ్చిపెట్టాలి, నెలకొకరు తాళం చూసుకోవాలి. మొన్న డ్రిల్ బిట్ విరిగితే విరగ్గొట్టినాయనే రాసి, కొత్తది తెచ్చి పెట్టారు. పాత నిచ్చెన మాత్రం ఎవరింట్లో ఉందో ఇంకా తేలలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు