డిసెంబరు బుకింగులు, ఫిబ్రవరి పొరపాటు, ఆ దిక్కుమాలిన బ్రేకులు

డిసెంబరుకి మా షాపులో టూరింగ్ స్కీలు (లిఫ్టు లేకుండా కొండ ఎక్కి దిగేవి) అద్దెకి బుక్ చేసుకున్న పన్నెండు మందికీ ముందుగా అసలు సంగతి చెప్పేస్తాను. ఈ నెల ఇవ్వలేను. డబ్బులు వెనక్కి వేసేశాను, కార్డుకి చేరడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. మళ్ళీ అద్దెకి ఇచ్చేది జనవరి రెండో వారం నుంచి. సెలవులకి ముందే లీవు పెట్టుకున్నవాళ్ళున్నారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మావాళ్ళకి పిల్లల్ని అప్పజెప్పి కొండెక్కుదామనుకున్నవాళ్ళున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సారీ చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను. రిసార్టు స్కీలు, పిల్లల స్కీలు, వ్యాక్సు, అంచులు నూరడం, ఇవన్నీ మామూలే.

ఎందుకిలా అయిందో చెప్పాలంటే పోయిన ఫిబ్రవరి దగ్గర మొదలుపెట్టాలి.

మీలో చాలామందికి ఆ కథ సగం తెలుసు. "ఆయన దగ్గర తీసుకున్న స్కీ ఊడిపోయిందట" అని సియాటిల్ తెలుగు గ్రూపులన్నిట్లో ఒక మెసేజ్ తిరిగింది. నిజమే, ఊడింది. నాలుగేళ్ళుగా నా దగ్గరే తీసుకుంటున్న మనిషి. స్నోక్వాల్మీ పాస్ దగ్గర లిఫ్టు దిగి, రాత్రి గడ్డకట్టిన మంచు మీద మూడో మలుపు తిరుగుతుంటే కుడి స్కీ దానంతట అదే కాలిని వదిలేసింది. మణికట్టు బెణకడంతో పోయింది. సాయంత్రం ఆయన స్కీలు తెచ్చి కౌంటరు మీద పెట్టి, కార్డు తీసుకుని వెళ్ళిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది.

షట్టరు దించి ఆ బైండింగు, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు, ముందేసుకుని కూర్చున్నాను. అది హైబ్రిడ్ రకం. ఎక్కేటప్పుడు బూటు ముందు భాగాన్ని రెండు పిన్నులు పట్టుకుంటాయి, మడమ లేస్తుంటుంది. దిగేటప్పుడు బైండింగు ముందు భాగాన్ని మార్చుకుంటే రిసార్టు బైండింగులా రెండు రెక్కలతో బూటు మూతిని బిగించి పట్టుకుంటుంది. బూటు మూతి కింద ఒక చిన్న జారుడు పలక ఉంటుంది. మనం పడితే బూటు ఆ పలక మీద పక్కకి జారి బయటపడాలి. పలక ఎత్తు ఎంతుండాలన్నది బూటుని బట్టి. రిసార్టు బూటు అడుగు చదునైన గట్టి ప్లాస్టిక్కు, టూరింగ్ బూటుకి మందంగా రబ్బరు, గ్రిప్‌వాక్ అనే అడుగు ఈ రెండింటికీ మధ్యరకం. సరిగ్గా ఉందో లేదో చూడటానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. బూటు బిగించి, పలకకీ అడుగుకీ మధ్య కాగితం ముక్క పెట్టి లాగాలి. కాస్త బిగువుగా జారి రావాలి. చిరిగిందంటే పలక మరీ పైకి ఉన్నట్టు, ఊరికే వచ్చేసిందంటే మరీ కిందికి ఉన్నట్టు.

ఆ రాత్రి నేను పెట్టింది కాగితం కాదు, నా విజిటింగ్ కార్డు, మడత పెట్టి. అదీ హాయిగా దూరిపోయింది. ముందు రోజు ఎవరికో టూరింగ్ బూటుకి దించిన పలక అది. పొద్దున్నే ఆయన రిసార్టు బూటుకి పైకి తిప్పడం మర్చిపోయాను. తప్పు బైండింగుది కాదు, దాన్ని చేసిన కంపెనీది అంతకన్నా కాదు. స్క్రూడ్రైవరు నా చేతిలో ఉంది.

గ్రూపులో ఇంకొకాయన "కోడ్ రాసుకునేవాడు స్క్రూలు బిగిస్తే ఇంతే" అన్నాడు. బాబూ, పదకొండేళ్ళు కోడ్ రాశాను. దాంట్లో తప్పులుంటే తెల్లారి సరిచేసేవాళ్ళం, ఎవరి మణికట్టూ బెణికేది కాదు. ఆ తేడా నాకు తెలియదనుకుంటే అది నీ ఇష్టం.

ఇక వేసవి అంతా నన్ను తినేసిన ప్రశ్న: అద్దె స్కీల మీద ఏ బైండింగు పెట్టాలి? మీరందరూ అడిగేది ఒకటే. "అన్నా, ఒక్క జతతో శనివారం రిసార్టులో దిగాలి, ఆదివారం కొండెక్కాలి." పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం. మూడేళ్ళ కిందట హైబ్రిడ్లు కొన్నప్పుడు ఆ మంత్రం ఉందని మీకు చెప్పింది నేనే కాబట్టి మిమ్మల్ని ఏమీ అనలేను.

పాత ఫ్రేము బైండింగులు మొదటి రోజే పక్కన పెట్టేశాను. అవి దిగడానికి బాగుంటాయి, రిసార్టు బూటుతోనే పనైపోతుంది. కానీ ప్రతి అడుగుకీ మడమతో పాటు బైండింగు మొత్తం లేస్తుంది. కాలికి ఇటుక కట్టుకుని తిరుమల మెట్లెక్కినట్టు.

మిగిలినవి రెండు. హైబ్రిడ్ ఒక్కోటి దాదాపు 900 గ్రాములు. పిన్ బైండింగు, బ్రేకుతో కలిపి, మంచిది 400 గ్రాముల దగ్గర దొరుకుతుంది. ఈ పిన్నుల ఆలోచన ఆస్ట్రియా మనిషి ఫ్రిట్జ్ బార్తెల్‌ది, 1980ల నాటిది. బూటు మూతికి రెండు పక్కలా చిన్న లోహపు గుంటలు, వాటిలో దిగే రెండు పిన్నులు, వెనక మడమలోకి ఇంకో రెండు. అంతే. ఎక్కడానికి దానికి సాటి లేదు. దిగేటప్పుడే దాని స్వభావం వేరు. రిసార్టు బైండింగులో బూటు మూతి పక్కకి కొంత దూరం కదిలి, పడిపోయేంత దెబ్బ కాకపోతే స్ప్రింగు దాన్ని మళ్ళీ మధ్యకి లాక్కొస్తుంది. ఆ సాగుడు వల్లే గతుకుల్లో కాలు నిలబడుతుంది, మోకాలు బతుకుతుంది. పిన్ రకాల్లో ఎక్కువ వాటికి పక్కకి విడుదలయ్యేది మడమ దగ్గర, సాగుడు తక్కువ. పట్టుకుంటే పట్టుకుంటుంది, వదిలితే వదిలేస్తుంది. మధ్యలో బేరాల్లేవు. అందుకే రిసార్టు బైండింగులకి ఐఎస్‌ఓ 9462 అని ఒక ప్రమాణం, టూరింగు వాటికి 13992 అని ఇంకో ప్రమాణం. ఎంత దెబ్బకి కాలిని వదలాలో చూపే గీత రెండింటి మీదా '10' దగ్గర ఉన్నంత మాత్రాన అవి ఒకే పది కాదు.

చదివింది చాలక మే నెలలో ఒక పిచ్చి పని చేశాను. మౌంట్ రెయినీర్ మీద పారడైజ్ నుంచి మ్యూర్ స్నోఫీల్డ్ వైపు, ఎడమకాలికి హైబ్రిడ్, కుడికాలికి పిన్ వేసుకుని ఎక్కాను. స్కీలు రెండూ ఒకే మోడలు. పారడైజే 5,400 అడుగులు, పైన మ్యూర్ క్యాంపు పదివేలు దాటుతుంది. నేను అంత దూరం పోలేదు, రెండున్నర గంటలకే ఎడమ తుంటి మొరాయించింది. దారిలో ఒక పెద్దావిడ ఆగి, నా కాళ్ళ వంక చూసి, స్కీలు ఎక్కడైనా మారిపోయాయా అని అడిగింది. దిగేటప్పుడు లెక్క తిరగబడింది. పొద్దుటి గట్టి మంచు మీద ఎడమకాలు నిలకడగా ఉంది, కుడికాలు మాత్రం ప్రతి గతుకునీ మోకాలి దాకా చేరవేసింది. ఎండ ఎక్కి మంచు మెత్తబడ్డాక రెండింటికీ తేడా దాదాపు తెలియలేదు.

కొండ మీద మనం వెతుక్కునేది ఆ మెత్తటి మంచే. మన కేస్కేడ్స్ కొండల్లో తడి, బరువు మంచు ఎక్కువని తెలుసు, అయినా మీలో ఎవరూ బయట కొండల్లో రిసార్టు వేగంతో దిగరు. నేను చూశాను కదా.

మా ఆవిడ "రెండూ పెట్టు, ఎవరికేది కావాలో వాళ్ళే తీసుకుంటారు" అంది. షాపు లెక్కలు చూసేది తనే, లెక్క ప్రకారం తనదే రైటు. కానీ శనివారం ఆరున్నరకి కౌంటరు ముందు తొమ్మిది మంది, తొమ్మిది రకాల బూట్లు, అందరికీ ఎనిమిదింటికల్లా పార్కింగ్ దొరకాలి. ఆ హడావిడిలో తొమ్మిది సార్లు కాగితం పెట్టి లాగుతానని నాకు నేనే నమ్మకం చెప్పుకోలేకపోయాను. సొంత స్కీ అయితే ఒకటే బూటు, ఒకసారి సరిచేస్తే ఏడాదికోసారి చూసుకుంటే చాలు. కాబట్టి హైబ్రిడ్లు ఇక అమ్ముతానే గానీ అద్దెకి ఇవ్వను. అమ్మినవి కూడా మీ బూటుతో నా దగ్గరే బిగించుకోవాలి, ఏటా టార్క్ మెషీన్ (ఎంత బలానికి వదులుతుందో కొలిచేది) మీద పెట్టించుకోవాలి. అద్దెకి పిన్ బైండింగులే, అదీ కొండెక్కేవాళ్ళకే. అవి తీసుకెళ్ళి రోజంతా లిఫ్టు కింద దిగుతామంటే ఇవ్వను, ఎంత పాత కస్టమరైనా సరే. రిసార్టుకి రిసార్టు స్కీ తీసుకోండి. రెండు రోజులకి రెండు జతలు కావాలంటే రెండో జత సగం ధరకి ఇస్తాను.

ఆగస్టులో పన్నెండు జతల పిన్ బైండింగులు ఆర్డరు పెట్టాను. సప్లయరు పేరు రాయను. మన స్కీల నడుము వెడల్పు 102 మిల్లీమీటర్లు కాబట్టి 110 బ్రేకులు అని ఆర్డర్లో రాశాను, మెయిల్లో రాశాను, ఫోన్లోనూ చెప్పాను. అక్టోబరు అన్నారు. అక్టోబరు చివర్లో నవంబరు అన్నారు. డిసెంబరు 2న పెట్టె వచ్చింది. కత్తెరతో టేపు కోసి మొదటిది తీసి స్కీ మీద పెట్టి చూశాను. బ్రేకు చేతులు రెండూ స్కీ పైనే కూర్చున్నాయి, చిన్న పిల్లాడు పెద్ద కుర్చీలో కూర్చున్నట్టు. అన్నీ 90లు. పన్నెండుకి పన్నెండూ.

బ్రేకు చేసే పని ఒక్కటే. కాలు ఊడగానే ఆ రెండు చేతులూ కిందికి దిగి మంచులో గుచ్చుకోవాలి. స్కీ కంటే సన్నగా ఉంటే దిగేది ఎక్కడికి? ఊడిన స్కీ వాలు మీద బాణంలా పోతుంది, కింద ఎవరి పిల్లలున్నారో దానికి తెలియదు.

ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు తాపీగా "వైస్‌లో పెట్టి వంచేయండి, అందరూ వంచుకుంటారు" అన్నాడు. మూడు నాలుగు మిల్లీమీటర్లు వంచడం నాకూ తెలుసు, సొంత స్కీలకి వంచాను కూడా. పన్నెండు మిల్లీమీటర్లు వంచితే బ్రేకు చేతులు సరిగ్గా మడుచుకోవు, నడిచేటప్పుడు మంచులో ఈడుస్తాయి. అదే చెప్పాను. మర్నాడు రెండు లైన్ల మెయిల్ వచ్చింది. మార్చి ఇవ్వడానికి ఫిబ్రవరి అవుతుందట, మీ ఆర్డరు చిన్నది కాబట్టి ముందు పెద్ద షాపులవి చూడాలట.

చిన్నదే. మూడు వందల జతల షాపు కాదు నాది. కానీ ఆ మాట చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ బ్రేకులు పీకేసి తాళ్ళు కట్టి ఇవ్వమంది. బ్రేకు బదులు బూటుకీ స్కీకీ తాడు కట్టుకునే పద్ధతి ఉంది, పర్వతారోహకులు చేస్తారు. కానీ విరిగిపడే మంచు చరియల్లో చిక్కితే ఆ తాడే మనిషిని స్కీతో పాటు కిందికి లాగుతుంది. అద్దె జతలకి అది పెట్టను. మా తెనాలిలో గంట లెక్కన అద్దెకిచ్చే సైకిళ్ళకి బ్రేకులు ఉండేవి కావు, చెప్పుకాలు నేలకి రాసి ఆపేవాళ్ళం. ఆ వ్యాపారం చేయడానికి ఇంత దూరం రాలేదు.

పెట్టె మొత్తం వెనక్కి పంపేశాను. రవాణా ఖర్చు నాదే. ఆ వేడిలో అలా చేయకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించింది, ఆరు జతలైనా మార్పించుకుని ఉంచుకోవాల్సింది. సరే, పోయింది. వేరే చోట ఎక్కువ పెట్టి కొన్నాను, జనవరి మొదటి వారంలో వస్తాయి. వచ్చీ రాగానే ఇవ్వలేను. మన స్కీల్లో లోహపు పొర ఉంది కాబట్టి 4.1 మిల్లీమీటర్ల బిట్‌తో, 9 మిల్లీమీటర్ల లోతు మించకుండా రంధ్రాలు వేయాలి. జిగురు వేసి బిగించాలి, ఒక రాత్రి ఆరనివ్వాలి, ఆ తర్వాత ప్రతి బూటుకీ మడమ దగ్గర 4 మిల్లీమీటర్ల సందు గేజ్ పెట్టి చూడాలి. జతకి గంటన్నర. ఈ పని వేరేవాళ్ళ చేతికి ఇవ్వను.

ఒక ఇబ్బంది మీకు. పిన్ బైండింగుకి లోహపు గుంటలున్న బూట్లే పనికొస్తాయి, కాబట్టి మీ రిసార్టు బూట్లు కుదరవు. 23.5 నుంచి 28.5 దాకా పది జతల బూట్లు తీసుకున్నాను, అద్దె అందులోనే కలిసి ఉంటుంది. మొత్తం రోజుకి ఎనిమిది డాలర్లు పెరిగింది.

స్కీలు తీసుకునేటప్పుడు బరువు అడిగితే దయచేసి పెళ్ళినాటి బరువు చెప్పకండి. స్ప్రింగు ఎంత బిగించాలో మీ బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, మీరు దిగే తీరును బట్టి లెక్కేస్తాను. పది కిలోలు తగ్గించి చెప్తే స్కీ అక్కర్లేని చోట ఊడుతుంది, "నేను ఎక్స్‌పర్ట్" అని చెప్తే ఊడాల్సిన చోట ఊడదు. ఎక్కేటప్పుడు ముందు లీవరు పైకి లాగి లాక్ చేస్తాం కదా, దిగే ముందు దాన్ని మళ్ళీ మార్చడం మర్చిపోవద్దు. లాక్‌లో ఉంటే పడ్డా వదలదు. ముందు స్ప్రింగుల కింద మంచు గడ్డకడితే పిన్నులు పూర్తిగా మూసుకోవు, స్కీ పోలు మొనతో గీకి తీసేయండి. బీకను (మంచులో కూరుకుపోయినవాళ్ళని కనిపెట్టే సిగ్నల్ పరికరం), పార, ప్రోబు (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) లేనివాళ్ళకి, ఆ రోజు నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఇచ్చే మంచు చరియల ఫోర్‌కాస్ట్ చూడనివాళ్ళకి ఇవ్వనని ఎప్పుడూ చెప్పేదే.

ఫిబ్రవరిలో పడ్డ మా పాత కస్టమరుకి మొన్న ఫోన్ చేసి, జనవరిలో మొదటి జత మీకే ఉంచుతానన్నాను. చూద్దాం అన్నారు. దాని మీద ఆయన పేరైతే రాసి పెడతాను.

జనవరి బుకింగులు ఈ ఆదివారం నుంచి, ముందు డిసెంబరు వాళ్ళకి. షాపు మంగళవారం తప్ప రోజూ సాయంత్రం ఏడింటిదాకా తెరిచే ఉంటుంది. బూట్లు వేసుకుని చూడ్డానికి వచ్చేటప్పుడు పల్చటి స్కీ సాక్సు తెచ్చుకోండి, రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుని సైజు చిన్నదైందనకండి. లోపల డ్రిల్లు చప్పుడు వినిపిస్తే తలుపు కొట్టకుండా రెండు నిమిషాలు ఆగండి.