ఉమ్మడి ఆవిరి సరే, పాత బాయిలర్ల సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం. ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి ఒకే ప్లాంటు నుంచి ఆవిరి ఇవ్వాలనే ఆలోచన గురించి ఈ ఉత్తరం.

కృష్ణపట్నం పోర్టు వచ్చాక పంటపాలెం చుట్టుపక్కల వంటనూనె రిఫైనరీలు వరసగా వెలిశాయి. నూనెలో వాసన తీయాలన్నా, వేడి చేయాలన్నా ఆవిరి కావాలి. అందుకని ఎవరి బాయిలరు వారిదే, ఎవరి పొగగొట్టం వారిదే. అదే ముత్తుకూరు మండలంలో నేలటూరు థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ బొగ్గులోని వేడిలో కరెంటుగా మారేది నూటికి 40 పాళ్లకు అటూ ఇటూ. టర్బైను తిప్పిన ఆవిరిని చల్లార్చి నీళ్లు చేయడంలోనే మిగతా వేడిలో చాలాభాగం పోతుంది.

ఫ్యాక్టరీల అవసరానికి తగ్గట్టు కట్టిన ఉమ్మడి ప్లాంటులో కరెంటు తీశాక ఆ ఆవిరినే గొట్టాల్లో పంపొచ్చు. అప్పుడు 70, 80 పాళ్ల దాకా వేడి పనికొస్తుంది. ఇదేం వింత కాదు, చక్కెర ఫ్యాక్టరీలు పిప్పి కాల్చి చేస్తున్నది ఇదే. పైగా ఆవిరిని కొద్ది కిలోమీటర్లకు మించి పంపితే గిట్టదు. ఇక్కడ ఫ్యాక్టరీలు దగ్గరదగ్గరే కాబట్టి ఆ ఇబ్బందీ లేదు.

అయితే ఈ పేరు చెప్పి మరో బొగ్గు ప్లాంటు మా నెత్తిన పెడతామంటే మాత్రం ఒప్పుకోం. ఇప్పటికే గాలి ఇటు తిరిగిన రోజు దండెం మీది పంచె దులిపితే నల్లటి నుసి రాలుతోంది. ఉమ్మడి ప్లాంటు నడిచిన రోజే ఫ్యాక్టరీల సొంత బాయిలర్లు ఆగాలి. బూడిద పొడిగానే సిమెంటుకు, ఇటుకలకు పోవాలి, రొయ్యల గుంటల వైపు రాకూడదు. ఈ షరతులు అనుమతి పత్రంలోనే రాయించాలని, ప్రజాభిప్రాయ సేకరణకు ముందే ప్లాంటు వల్ల పర్యావరణంపై పడే ప్రభావం గురించిన నివేదిక మొత్తం తెలుగులో పంచాయతీల్లో పెట్టాలని అధికారులను కోరుతున్నాం.

– ఒక పాఠకుడు, ముత్తుకూరు, నెల్లూరు జిల్లా