చదవబుద్ధి కాని వాళ్లకు

అన్నలూ, అక్కలూ, నిన్న ఒకరు "పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తుంది, నాకేమన్నా లోపమా" అని అడిగారు కదా, ఏం లోపం లేదు, నాది కూడా అదే కథ. ఎవరో గొప్పదన్నారని కొన్న ఆరువందల పేజీల నవలలో పద్నాలుగో పేజీ దగ్గర పెట్టిన మిర్యాలగూడ బస్ టికెట్ రెండేళ్లు అక్కడే ఉంది. చివరికి ఆ నవల పక్కన పడేశాను, మస్తు హాయిగా అనిపించింది.

ఇప్పుడు పొద్దున పొయ్యి మీద చాయ్ పెట్టి, అది పొంగేదాకా ఒక చిన్న కథలో రెండు పేజీలు, అంతే. ఫోన్ లోపలి గదిలో చార్జింగ్‌లో ఉంటుంది. మొన్న కథలో పడి చాయ్ మొత్తం పొయ్యి పాలైంది, ఇంట్లో తిట్లు పడ్డాయి కానీ నాకు లోపల సంబురమే.

నచ్చకపోతే మధ్యలో ఆపేయండి, ఎవరూ పరీక్ష పెట్టరు. 1922లోనే 'నీలగిరి' అనే తెలుగు పత్రిక నడిచిన ఊరు మన నల్లగొండ, పేపర్లో ఆదివారం కథ చదివినా చదివినట్టే.

కథల పుస్తకాలు నా దగ్గర నాలుగున్నాయి, కావాలంటే ఆదివారం గడియారం సెంటర్‌కు తెస్తా. నవల కూడా తెస్తా, టికెట్‌తో సహా.