11 నెలల కౌలుకు ప్రకృతి సేద్యమా?

సంపాదకులకు,

అయ్యా,

కిందటి వారం మా ఊరి రైతులం ఎనిమిది మందిమి అంబాజీపేట దగ్గర రసాయనాలు వాడని ప్రకృతి సేద్యపు తోట ఒకటి చూసి వచ్చాం. రెండెకరాల లోపే. పైన కొబ్బరి, ఆ నీడన కోకో, మధ్యలో అరటి, కింద కంద, పసుపు, కొబ్బరి మానుల మీదికి పాకిన మిరియపు తీగలు. పదేళ్లుగా యూరియా బస్తా ఆ గట్టు దాటలేదట. రాలిన కొబ్బరి కమ్మలు, డొక్కలు అన్నీ చెట్ల మొదళ్లలోనే. ఆ రైతు కుళ్లిన కమ్మనొకదాన్ని కాలి బొటనవేలితో పక్కకు నెట్టారు. కింద నేలంతా వానపాములు వేసిన మట్టి ఉండలే. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోయింది. మా చేలో పార దిగడమే గగనం.

మూలన జీవామృతం డ్రమ్ము. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, ఆవు మూత్రం, 10 కిలోల పేడ, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. ఖర్చు తక్కువే గానీ చాకిరీ తక్కువ కాదు. తెల్లదోమ వాళ్లనీ వదల్లేదు, దానివల్ల అరటాకుల మీద పట్టిన మసి మేమే చూశాం. అయినా కొబ్బరి ధర పడిపోయినప్పుడు అరటి, కంద ఇల్లు గడుపుతున్నాయట.

వచ్చేటప్పుడు ఆయన అన్నారు: "మొదటి మూడేళ్లూ ఓర్చుకోవాలండి. మా ఆవిడ గాజులే మమ్మల్ని ఆదుకున్నాయి."

నా గోలంతా ఆ మూడేళ్ల గురించే. ఆయన తోట ఆయన సొంతం. మా ఎనిమిది మందిలో ఆరుగురం కౌలుదారులం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం మాకిచ్చే సాగు హక్కు పత్రం గడువు 11 నెలలు. అదీ భూమి సొంతదారు, అంటే ఆసామి, ఒప్పుకుని సంతకం పెడితేనే. హైదరాబాద్‌లో ఉండే ఆసామికి భూమి చెయ్యి జారిపోతుందేమోనని టెన్షన్, ఆయన్ని తప్పుపట్టలేను. మూడేళ్ల కిందట నేను నేలకు బలమిచ్చే పచ్చిరొట్ట పైరు జీలుగు చల్లి, ఎదిగాక కలియదున్నాను. మరుసటి సార్వా (వానాకాలపు వరి) నాటికి ఆ చేను నాలుగు బస్తాలు ఎక్కువ మక్తా (కౌలు) ఇస్తానన్న వాడికి వెళ్లిపోయింది. నా జీలుగు బలం అతని వరికి పట్టింది.

ప్రకృతి సేద్యం చేస్తామనే కౌలుదారులకైనా ఐదేళ్ల పత్రం ఇవ్వాలి. ఆసామి హక్కుకు ఢోకా లేదని అందులోనే రాయాలి. ముందుగా గుడి మాన్యాలతో మొదలుపెడితే ఏ ఆసామినీ బతిమాలక్కర్లేదు. మా ఊళ్లోనూ మాన్యం ఉంది. వచ్చే వేలం నాటికి అలాంటి కాగితం తయారైతే నేనూ పాట పాడతాను.

ఇట్లు,
ఒక కౌలు రైతు,
ముమ్మిడివరం మండలం, కోనసీమ