కంటికి దెబ్బ తగిలిన కొంగ గురించి

అందరికీ నమస్కారం. పొద్దున కోవూరు పక్క పొలంలో ఒక తెల్లకొంగ దొరికింది. కుడి కన్ను సగం మూసుకుపోయి, రెప్ప అంచున నెత్తురు ఎండి ఉంది. గాలిపటం దారం తగిలిందేమోనని నా అనుమానం. ఇప్పుడు మా వరండాలో, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత లుంగీ మీద కూర్చుని ఉంది. చీకటిగా ఉంటేనే వాటికి టెన్షన్ తగ్గుతుంది. దయచేసి ఫొటోల కోసం రాకండి.

పట్టుకునేటప్పుడు మా తమ్ముడు వంగి చూడబోతే సూటిగా కళ్లద్దాల మీద పొడిచింది. అద్దానికి గీత పడింది, వాడి కన్ను దక్కింది. కొంగ మొహం మీదికే పొడుస్తుంది. అందుకే హెల్మెట్ పెట్టుకుని, తువ్వాలు కప్పి, ముందుగా తలకు సరిగ్గా వెనక ఉన్న మెడను పట్టుకోవాలి. ముక్కుకు ప్లాస్టర్ చుట్టి వదిలేయకండి, ఊపిరాడదు.

నోట్లో నీళ్లు పోయమని ఇద్దరు చెప్పారు. వద్దు. గాలిగొట్టం ద్వారం నాలుక వెనకే ఉంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలూ వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, నల్లగుడ్డు మీద పుండు పడి ఉన్నప్పుడు అది మానదు సరికదా, ముదురుతుంది. పసుపు అసలే వద్దు.

కొంగకు రెండు కళ్లూ ఉంటేనే నీళ్లలో చేప ఎంత లోతులో ఉందో గురి కుదురుతుంది. అందుకే మానకుండా వదిలేయలేం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోనూ కూడదు. అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేశాను, సాయంత్రం వస్తామన్నారు. ఈలోపు నెల్లూరులో పక్షులను చూసే పశువైద్యులు ఎవరైనా తెలిస్తే నాకు విడిగా మెసేజ్ పెట్టండి.